కాగితం మోయగల బరువు

2006 నవంబరులో ఒక వార్త పత్రికలకెక్కింది. మామూలు కాగితంమీద రంగురంగుల వృత్తాలు, త్రికోణాలు, చతురస్రాలు అచ్చువేసి 256 గిగాబైట్ల సమాచారం నిలవచేయవచ్చునని కేరళ విద్యార్థి ఒకరు ప్రకటించారు. కంపెనీల డిస్కులకు కాలం చెల్లిందని సంబరపడబుద్ధి కావడం సహజమే.

యంత్రానికి కాగితం కొత్త చుట్టమేమీ కాదు. 1890 అమెరికా జనాభా లెక్కలు తేలింది హెర్మన్ హాలరిత్ యంత్రాలమీద, చిల్లులు పొడిచిన అట్టముక్కలతోనే. 1928 నాటి ఐ.బి.ఎం. కార్డుమీద పట్టినవి 80 అక్షరాలు. ఇంతే మోస్తానంది, అంతే మోసింది.

ఇక ఈ కొత్త కాగితం లెక్క చూడండి. ఏ4 కాగితం సుమారు 97 చదరపు అంగుళాలు. అంగుళానికి 1200 చుక్కల చొప్పున దాదాపు 14 కోట్ల చుక్కలు పడతాయి. ప్రతి చుక్కా కోటీ 67 లక్షల రంగుల్లో దేనినైనా ధరించగలదనీ, స్కానరు ఒక్కచోటా పొరబడదనీ ఒప్పుకుందాం. అప్పుడు చుక్కకు మూడు బైట్లు, వెరసి 42 కోట్ల బైట్లు. ఒక సి.డి. కూడా నిండదు! చెప్పినదానిలో ఆరువందలో వంతైనా లేదు. అచ్చుయంత్రం నాలుగు సిరాలను పక్కపక్కన చల్లి రంగని భ్రమింపజేస్తుంది గనుక ఆ 42 కోట్లూ ఉదారంగా ఇచ్చినవే. ఆకారాలంటారా, ఒక్క త్రికోణం గీయడానికే ఎన్నో చుక్కలు ఖర్చవుతాయి. సమాచారాన్ని ముందే కుదించామంటే ఆ గొప్ప కుదింపుది, కాగితానిది కాదు.

మన కుర్రవాణ్ణి నిరుత్సాహపరచడం కాదా ఇది? అదే మాట విదేశీ కంపెనీ చెప్పివుంటే మనం లెక్క అడిగేవాళ్ళం గదా! మనవాడని అడగకుండా వదిలేయడంలో జాలి ఉంది, గౌరవం లేదు.

1994లో జపానులో పుట్టిన క్యూ.ఆర్. చదరం ఎంత పెద్దదైనా 2,953 బైట్లకు మించి పట్టదు. ఆ చదరంలో కొంతచోటు, మరకపడితే సరిదిద్దుకోవడానికని విడిగా కేటాయించారు. ఇవాళ కిరాణాకొట్టు బల్లమీద కనిపించేది అదే.