పాలేరు, పడియాళు : పాలారు సీమలో పొలము కూలీల హక్కుల చరిత్ర

వేలూరు, గుడియాత్తము తాలూకాలు పూర్వము ఉత్తరార్కాటు జిల్లాలోనివి. 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడినను, గుడియాత్తము సీమలో తెలుగు, తమిళము ఇరుగుపొరుగు భాషలుగనే నిలిచినవి. ఒకరి పొలములో కట్టుబడి పనిచేయువానిని తెలుగువారు పాలేరనిరి, తమిళులు పడియాళనిరి. 'పడి' ధాన్యము కొలుచు మానము. 'ఆళ్' అనగా మనిషి. ఈ రెండు పేర్లును భారతదేశపు చట్టమొకదానిలో ఒకే వరుసలో చేరినవి. అంతవరకు నడచిన మార్గమును తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

1843వ సంవత్సరపు 5వ చట్టముతో బానిసపై యజమానికి గల హక్కును న్యాయస్థానములు గుర్తించుట మానినవి. బానిసత్వము పోయినను బాకీ మిగిలెను. 1859వ సంవత్సరపు 13వ చట్టము ముందుగా సొమ్ము గొని పనికి రాని పనివానిని, కూలివానిని మేజిస్ట్రేటు ఎదుట నిలిపెను. సొమ్ము చెల్లింపుమనియో, పని చేయుమనియో ఇచ్చిన ఆజ్ఞను మీరినచో మూడు మాసములవరకు కఠిన శిక్ష. మొదట రాజధాని నగరములకై చేయబడిన ఈ శాసనమును ఇతర ప్రాంతములకును విస్తరింపజేయ వీలుండెను. 1925లో గాని దీని రద్దునకు చట్టము రాలేదు.

తరువాతి రక్షణలు ఈ సీమను ప్రక్కన బెట్టి పోయినవి. 1940 నాటి మద్రాసు రెగ్యులేషను ఏజెన్సీ ప్రాంతములకే పరిమితము. 1952 నాటి పన్నైయాళ్ల రక్షణ చట్టము తంజావూరు జిల్లాకే. 1968 డిసెంబరు 25న కీళ్‌వెణ్మణిలో 44 మంది సజీవదహనమైన పిమ్మట 1969లో వచ్చిన న్యాయమైన కూలి చట్టమును తూర్పు తంజావూరునకే. 1948 నాటి కనీస వేతన చట్టము వ్యవసాయమును చేర్చుకొన్నది. 1950లో రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. కాని అప్పును చెరపు శాసనము లేకపోయెను.

1975 అక్టోబరులో అత్యవసర శాసనముగా వెలువడి, 1976లో చట్టమైన కట్టుబానిస నిర్మూలన విధానము ఆ కొరతను తీర్చెను. దాని వివరణలో పాలేరు, పడియాళు, జీతము, వెట్టి అను పేర్లు వరుసగా చేర్చబడినవి. కట్టుబాకీ చెల్లనిదాయెను. 1859లో కూలివానికి మూడు మాసములైన శిక్ష, 1976లో వెట్టి చేయించుకొనువానికి మూడేండ్లవరకు ఆయెను.

పనిలో ప్రాణరక్షణ ఈ విషయమునకు వేరు కాదు. బీడీ కార్మికులకు 1966లో ప్రత్యేక చట్టము వచ్చినది. కేరళము 1974లో వ్యవసాయ కార్మికులకై సమగ్ర శాసనము చేసినది. పొలములో మందు చల్లువానికి 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టమును, దాని క్రింద 1971లో వచ్చిన నియమములును, నూర్పు యంత్రముల ప్రమాదములకు 1983 నాటి అపాయకర యంత్రముల చట్టమును ఏర్పడినవి. అయినను, బాకీపడి పొలము విడిచిపోలేనివాడు, తొడుగు లేకుండ మందు చల్లనని ఎట్లనగలడు? వెళ్ళిపోగల స్వేచ్ఛయే రక్షణకు మూలము.

సుప్రీముకోర్టు 1982లో కనీస కూలికి తక్కువయిచ్చి చేయించుకొను పనియు బలవంతపు చాకిరియే యనెను. 1983లో, బలవంతపు చాకిరి రుజువైనచో దాని వెనుక అప్పున్నదనియే భావింపవలెనని తీర్పిచ్చెను. కూలివాడు పత్రము చూపనక్కరలేదు. అయినను 2019 జూలైలో కాంచీపురము, వేలూరు జిల్లాలలో కట్టెలు కొట్టు చోట్లనుండి రెవిన్యూ అధికారులు 42 మందిని విడిపింపవలసివచ్చెను.

కాబట్టి పాలేరు అను మాట మనకు కేవలము నిఘంటుపదము గాదు, శాసనపదము. ముందిచ్చిన సొమ్మునకై మనిషిని నిలిపివేసిన చోటు కనబడినచో, దానిని కలెక్టరునకు తెలుపుట ఏ భాషవారికైనను విధియే.