మందిచ్చిన చెయ్యి

1975, బ్యాంకాక్. కనిట్ హౌస్ అపార్ట్‌మెంట్లో ఓ ఫ్రెంచి యువకుడు మంచం పట్టాడు. వాంతులు, విరేచనాలు. వారాలు గడిచినా తగ్గలేదు, లేచి నిలబడే ఓపిక లేదు. ఆశ్రయమిచ్చిన రత్నాల వ్యాపారి అలెన్ గోటియే సొంత మనిషిలా కనిపెట్టుకుని ఉన్నాడు. మందు తనే కలిపి ఇచ్చేవాడు. కుర్రాడి పాస్‌పోర్టు, డబ్బు భద్రంగా ఉంటాయని తన దగ్గరే పెట్టుకున్నాడు.

డిసెంబరులో గోటియే నేపాల్ వెళ్లాడు. మందు ఆగింది. రోగం తగ్గుముఖం పట్టింది!

కుర్రాడి గుండె ఝల్లుమంది. అదే ఇంట్లో ఉంటున్న మరో ఇద్దరు ఫ్రెంచివాళ్లతో కలిసి బీరువా వెతికితే ఎవరెవరివో పాస్‌పోర్టులు బయటపడ్డాయి. పొరుగు దంపతుల సాయంతో ముగ్గురూ పారిస్‌కు పారిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు.

ఆ గోటియేనే వరుస హంతకుడు చార్లెస్ శోభరాజ్.

ఇలాంటి కథ విన్నప్పుడల్లా ‘అంత గుడ్డిగా ఎలా నమ్మారు?’ అంటాం. ఆ మాట అన్యాయం. ఎదుటివాడి బాధ అర్థం కానివాడు అంత ఓపిగ్గా సేవ చేయలేడు. ఏ మాటకు మనసు కుదుటపడుతుందో శోభరాజ్‌కు బాగా తెలుసు. తెలిసీ అతని మనసు కరగలేదు, అంతే.

తెలిసీ మనసు కరగకపోవడం ఎలా సాధ్యం? నెదర్లాండ్స్‌లోని గ్రోనింజెన్‌లో పరిశోధకులు, ఇతరుల బాధకు చలించని సైకోపాత్‌లుగా తేలిన 18 మంది నేరస్థుల మెదళ్లను స్కాన్ చేశారు. ఒక చేతిని మరో చెయ్యి నిమరడం, కొట్టడం వీడియోల్లో చూపించారు. మామూలుగా చూసినప్పుడు వాళ్ల మెదళ్లలో స్పందన ఇతరులకంటే తక్కువ. ‘ఆ చేతుల అనుభూతిని మీరూ అనుభవించడానికి ప్రయత్నించండి’ అనగానే ఇతరులతో ఉన్న తేడా చాలావరకు తగ్గిపోయింది. 2013లో అచ్చయిన ఈ ఫలితం నన్ను కలవరపెట్టింది. జాలి వాళ్లలో లేక కాదు, దానంతటది కదలడం లేదు!

శోభరాజ్‌ను అలా ఎవరైనా స్కాన్ చేసినట్టు తెలియదు. కానీ అతని పద్ధతి చూడండి. 1976లో ఢిల్లీ హోటల్లో ఫ్రెంచి విద్యార్థులకు విరేచనాలు రాకుండా అంటూ మాత్రలు పంచాడు. వాళ్లు ఒక్కొక్కరే కుప్పకూలడంతో దొరికిపోయాడు. 1986లో తీహార్ జైల్లో పుట్టినరోజు పేరిట మత్తు కలిపిన మిఠాయిలు కాపలావాళ్లకు తినిపించి, దర్జాగా బయటికి నడిచాడు. ప్రతిసారీ ఆప్యాయతే ఆయుధం.

గోవాలో మళ్లీ పట్టుబడ్డాడు. తర్వాత 1975 నాటి కాఠ్‌మాండూ హత్యలకు నేపాల్ జైల్లో 19 ఏళ్లు గడిపి 2022 డిసెంబరులో విడుదలయ్యాడు. థాయ్‌లాండ్‌లోని హత్య కేసుల వారెంటుకు ఎప్పుడో కాలదోషం పట్టింది. అక్కడి హత్యలకు అతణ్ణి ఏ కోర్టూ విచారించనే లేదు.