పది రాగి నాణేలు

ముసల్మాను రాజుల నాణెం అనగానే చాలామందికి కలిమా, కత్తి గుర్తొస్తాయి. పాత నాణేలు సేకరించేవాళ్లకు మాత్రం మహమ్మద్ ఘోరీ లక్ష్మీదేవి గుర్తొస్తుంది. 1192లో పృథ్వీరాజును ఓడించిన ఘోరీయే. ఉత్తర భారతంలో అతని పేర వెలువడిన బంగారు నాణెం మీద ఒకవైపు కూర్చున్న లక్ష్మి, రెండోవైపు నాగరి లిపిలో అతని పేరు. తూకం నాలుగు గ్రాముల పైచిలుకు. దాని కోసం ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు. నేనూ తిరిగాను.

ఎందుకు తిరిగానో దాచుకోవడమెందుకు? 'మీరు బయటినుంచి వచ్చినోళ్లు' అనేవాళ్ల ముందు ఆ నాణెం తీసి పెట్టాలని. అలాంటివి ఇంకా ఉన్నాయి. సోమనాథం మీద దాడి చేసిన గజనీ మహమూదే 1027-28లో లాహోరు వెండి నాణెం మీద కలిమాను సంస్కృతంలో వేయించాడు. అందులో అల్లాహ్ 'అవ్యక్తం', ప్రవక్త 'అవతారం'. అక్బర్ 1604-05లో సీతారాముల బొమ్మతో నాణెం వేయించాడు. అవి ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వేళ్లమీద లెక్కపెట్టేన్నే దొరికాయి.

వాదనకు ఇవి పనికొస్తాయి. కానీ వాదనలో చిక్కుంది. ఘోరీకి ముందే గహడవాల రాజుల నాణేల మీద లక్ష్మి ఉంది. బజారుకు అలవాటైన బొమ్మ ఉంటేనే షావుకారు డబ్బు తీసుకుంటాడు. గెలిచినవాడికి ఆ సంగతి తెలుసు. అందులో ప్రేమ ఎంతో, లెక్క ఎంతో నాణెం చెప్పదు. అంతకన్నా పెద్ద ప్రశ్న మరొకటి. ఘోరీ కత్తికి నేను జవాబుదారీ కానప్పుడు అతని లక్ష్మికి వారసుణ్ని ఎట్లా అవుతాను? మన తాతముత్తాతలు దూది ఏకారు, తోళ్లు శుద్ధి చేశారు, బట్టలకు రంగులద్దారు, గాజులమ్మారు. వాళ్ల చేతుల్లోకి మొహరీ ఎప్పుడొచ్చింది? వాళ్ల కూలి రాగిలోనే ముట్టింది.

అందుకే గోల్కొండ రాగి దగ్గరికొచ్చాను. అబ్దుల్లా కుతుబ్‌షా నాణెమొకటుంది, హిజ్రీ 1068 నాటిది, అంటే 1657-58. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించి సుల్తాను మెడలు వంచిన తర్వాతిది. దానిమీద ఫార్సీ లిపిలో 'ఖతమ్ బిల్ ఖైర్ వ సాదత్' అని ఉంటుంది. మేలుతో, శుభంతో ముగిసింది అని అర్థం. రెండోవైపు హైదరాబాదు పేరు. ఓడిన రాజ్యం తన ముగింపును తానే రాసుకున్నట్టు చదువుతారు చాలామంది. గోల్కొండ ఔరంగజేబు వశమైంది 1687లో.

ఈ నాణేలు చవక. చేతులు మారి మారి అరిగిపోయినవి. పైగా అచ్చు పెద్దది, రాగి బిళ్ల చిన్నది. కాబట్టి ఏ ఒక్కదాని మీదా మాట మొత్తం పడదు. ఒకదాని మీద 'ఖతమ్', ఇంకోదాని మీద 'ఖైర్', మరోదాని మీద సగం 'హైదరాబాద్'. పది నాణేలు పక్కపక్కన పేరిస్తే గానీ వాక్యం కుదరదు.

మన చరిత్రా అంతే. దూదేకుల ఇంట్లో ఒక ముక్క, ఫకీరు జోలెలో ఒక ముక్క, పీర్లచావిడిలో ఒక ముక్క, మగ్గం గుంటలో ఒక ముక్క. సుల్తానుల బంగారం వెంటపడితే ఇవి కనిపించవు. ఎవరో అడిగినప్పుడు రుజువుగా చూపించడానికి వీటిని ఏరనక్కర్లేదు. మన వాక్యం మనం చదువుకోవడానికి ఏరుకోవాలి. ఇంకా చాలా ముక్కలు దొరకాలి.