బోలుగా ఉన్నా బలమే

కంటికి కనబడనంత చిన్న గదులతో కట్టిన వస్తువు ఎంత బరువు ఆపుతుందో ఎలా కొలుస్తారు? ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

మొదలు బెండు ముక్కతోనే. సీసాకు బిరడాగా పెడతామే, ఆ బెండు. 1665లో లండనులో రాబర్ట్ హుక్ దాన్ని పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టులాగా గదులు కనిపించాయి. వాటికి ఆయన పెట్టిన పేరే 'సెల్'. అంగుళంలో 18వ వంతు పొడవులో సుమారు 60 గదులు లెక్కపెట్టి, ఘనపుటంగుళానికి దాదాపు 126 కోట్లని తేల్చాడు. నొక్కిన బెండు మళ్ళీ లేవడానికి లోపలి గాలి కారణమనీ, గది గోడలకూ ఆ గుణం ఉండవచ్చనీ రాశాడు. 1678లో స్ప్రింగుల సూత్రాన్ని వివరిస్తూ పుస్తకం వేసిందీ ఆయనే. కానీ ఆ రెంటినీ కలిపిన లెక్క స్థిరపడడానికి దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది.

1980లలో లోర్నా గిబ్సన్, మైకేల్ ఆష్బీ ఆ లెక్క కుదిర్చి, 1988లో పుస్తకంగా వేశారు. స్పాంజిలాంటి పదార్థాన్ని నొక్కితే లోపలి పుల్లలు వంగుతాయి. అందుకే సాంద్రత సగమైతే బిగువు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది.

కొలిచే పనిముట్టు కూడా కావాలి కదా! 1992లో ఆలివర్, ఫార్ అనే శాస్త్రజ్ఞులు వజ్రపు మొనతో నొక్కి, దాన్ని వెనక్కి తీసేటప్పటి కదలికను బట్టి బిగువు లెక్కగట్టే పద్ధతి ప్రకటించారు. అయితే జాలీ మీద మొన పెడితే కన్నంలోకి దిగిపోతుంది. అందుకని చదును ముఖం ఉన్న వజ్రంతో మొత్తం జాలీని ఒకేసారి నొక్కుతారు.

2014లో కాలిఫోర్నియాలోని లివర్మోర్ ప్రయోగశాల, ఎం.ఐ.టి. వాళ్ళు కలిసి, ఇనుప ట్రస్సులాగా త్రికోణాలుగా అల్లిన సన్నని జాలీలను పరీక్షించారు. వాటిలో పుల్లలు వంగలేదు, పొడవునా బరువు మోశాయి. సాంద్రత ఎంత తగ్గితే బిగువూ దాదాపు అంతే తగ్గింది. అంటే పదార్థం ఎంత ఉందన్నదే కాదు, ఎలా అల్లుకుందన్నదీ ముఖ్యమే.

మన వెన్నుపూసల లోపల ఉండేదీ ఒక జాలీయే. మా అమ్మ ఎముకల స్కానింగు కాగితం చూసి ఇంట్లో అందరం ఆ ఒక్క అంకె గురించే మాట్లాడుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన మైనస్ 2.5 హద్దు ఆ అంకెకే. అది ఎముకలో ఖనిజం ఎంతుందో చెబుతుంది, లోపలి అల్లిక సంగతి చెప్పదు. సాంద్రత కొద్దిగా తగ్గినా బలం అంతకన్నా ఎక్కువ తగ్గవచ్చు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ పరీక్ష చేయిస్తే, కాగితం ఒక్కటే చూపించి ఊరుకోకండి. వాళ్ళు ఎప్పుడైనా పడ్డారా, ఎముక విరిగిందా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. ఉంటాను.