48 డిగ్రీల దగ్గర 440 గ్రాములు

మే నెల, రాత్రి పదకొండు. రాయచూరు జిల్లా శక్తినగర్‌లో, థర్మల్ స్టేషన్ బాయిలర్ వెనక, ఐడీ ఫ్యాన్ పక్కన నిలబడి ఉన్నారనుకోండి. కృష్ణ మీంచి వచ్చే గాలి ఇక్కడికి చేరేసరికే వేడెక్కిపోయింది. 1985లో ఒక్క యూనిట్‌తో మొదలై, 2010 నాటికి ఎనిమిది యూనిట్లకు, 1,720 మెగావాట్లకు పెరిగిన ప్లాంటు ఇది. నది దాటితే తెలంగాణ. సింగరేణి బొగ్గు అటునుంచే వస్తుంది, మనుషులూ వస్తారు. అందుకే కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే మాటలో కలిసి వినిపిస్తాయి.

కాళ్ల కింద ఇనుప గ్రేటింగ్ అదురుతోంది. ఆ అదురు చెవికంటే ముందు అరికాళ్లకు అందింది.

బాయిలర్‌లోని పొగను లాగి చిమ్నీకి తోయడం ఈ ఫ్యాన్ పని. మన బొగ్గులో బూడిద ఎక్కువ. పొగలోంచి బూడిదను వేరుచేసే ఈఎస్పీ దాదాపు అంతా పట్టేసినా, తప్పించుకున్న కాస్త రెక్కల్ని ఉప్పుకాగితంలా గీకుతూనే ఉంటుంది. అన్ని రెక్కలూ సమంగా అరగవు. ఈ ఫ్యాన్ వేగం నిమిషానికి 750 చుట్లకు కాస్త తక్కువ. కేంద్రం నుంచి మీటరు దూరంలో 400 గ్రాముల తేడా ఉంటే చాలు, దాదాపు 250 కిలోల బలం సెకనుకు పన్నెండు సార్లు బేరింగ్‌ను చుట్టూ గుంజుతుంది. 3,000 చుట్లు తిరిగే టర్బైన్‌లో అయితే అర మీటరు దూరంలోని 100 గ్రాములే అర టన్నవుతాయి.

బేరింగ్ హౌసింగ్‌కు అయస్కాంతంతో సెన్సర్ అంటించారు. షాఫ్ట్ మీద గోరంత మెరిసే స్టికర్. అది ఎదురుపడ్డప్పుడల్లా లేజర్ ఒక చుట్టు లెక్కపెడుతుంది. తెరమీద రెండు అంకెలు నిలిచాయి: 210 మైక్రాన్లు, 60 డిగ్రీలు. ఎంత ఊగుతోందో మొదటిది చెబుతుంది, స్టికర్ నుంచి ఏ కోణంలో ఊగుతోందో రెండోది. మొదటిదాన్ని అందరూ చూస్తారు. పని మాత్రం రెండోదానితోనే.

ఫ్యాన్ ఆపారు.

"ఆగిందా అన్నా?" మక్తల్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు అడిగాడు.

"ఇంకా తిరుగుతున్నది. తొందరేంది?"

బ్రేకర్ బయటికి లాగి, పర్మిట్ చేతికొచ్చి, రోటర్‌ను కదలకుండా కట్టాకే మాన్‌హోల్ తెరిచారు. లోపలి వేడి ముఖానికి కొట్టింది. మెత్తని బూడిద, విభూతి కంటే సన్నం. కిరాణా కొట్టు తూకంలాంటి కాటా మీద ఇనుప ముక్క తూచారు. వెల్డింగ్ రాడ్ నుంచి కరిగి చేరబోయే లోహంతో కలిపి 400 గ్రాములు. అదే ట్రయల్ వెయిట్.

"ఎర్త్ ఎక్కడ పెట్టినవ్?"

"రోటర్‌కే అన్నా, ముక్క పక్కనే."

ఈ ప్రశ్న అడగని మేస్త్రీని నేను నమ్మను. ఎర్త్ బయట ఫ్రేముకు తగిలిస్తే వెల్డింగ్ కరెంటు బేరింగ్ గుండా పోతుంది, అద్దంలాంటి ఉక్కు మీద గుంటలు పడతాయి. బాగుచేయడానికి వచ్చినవాళ్లే పాడుచేసి పోయినట్టవుతుంది.

ముక్కను సున్నా గుర్తు దగ్గర అతికించి మళ్లీ తిప్పారు. 165 మైక్రాన్లు, 120 డిగ్రీలు.

"తగ్గింది గద, ఇంకొంచెం పెడితే సరి" అన్నాడు కుర్రాడు. మీకూ అదే అనిపిస్తుంది. కానీ అదే చోట ఎంత బరువు పెంచినా 155 కిందికి రాదు. కాగితం మీద రెండు బాణాలు గీయండి: 60 వైపు 210, 120 వైపు 165. మొదటి మొన నుంచి రెండో మొనకు గీత కలపండి. మన 400 గ్రాములు చేసిన పని ఆ గీతే: 191 మైక్రాన్లు, 192 డిగ్రీల వైపు. మనకు కావలసింది మొదటి బాణానికి సరిగ్గా ఎదురు: 240 వైపు 210. అంటే 191 బదులు 210 రావాలంటే ముక్క 440 గ్రాములుండాలి, 192 నుంచి 240కి చేరాలంటే 48 డిగ్రీలు జరగాలి.

జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు థియర్ల్ ఇలాంటి లెక్కను రెండు తలాలకు విస్తరించి 1934లో ప్రచురించాడు. ఆ తర్వాత చాన్నాళ్లు గ్రాఫు కాగితం, కోణమానినే ఆధారం. ఇప్పుడు పరికరం రెప్పపాటులో చెబుతుంది. అయితే అది ఆదా చేసేది గుణకారం ఒక్కటే కాదు. 400 గ్రాములకు ఈ ఫ్యాన్ ఎలా స్పందించిందో దాచుకుంటుంది. సెన్సర్, స్టికర్, వేగం మారకపోతే వచ్చేసారి ట్రయల్ అక్కర్లేదు. ఇంత పెద్ద మోటారును వెంటవెంటనే స్టార్ట్ చేయకూడదు, చల్లారనివ్వాలి. అంతసేపూ యూనిట్ లోడు దించుకుని ఉండాలి. ఒక్క స్టార్టు మిగిలితే అది పెద్ద లాభం.

తిరుగుతుండగానే తన బరువును తానే సర్దుకునే ఏర్పాట్లూ ఉన్నాయి. రోటర్‌కు బిగించిన వలయంలో గుండ్లు పోస్తే, ఊగడం తారస్థాయికి చేరే క్రిటికల్ వేగం దాటాక అవి తేలిక వైపుకు దొర్లిపోతాయి. ఆ వేగానికి లోపల ఉన్నప్పుడు మాత్రం బరువు వైపే చేరి చెడగొడతాయి. బూడిద తినే ఇలాంటి ఫ్యాన్‌కు దాచుకున్న లెక్కే నమ్మకమైన తోడని నా అభిప్రాయం.

పాత ముక్క కోసేశారు. కొత్తది 48 దగ్గర అతికించారు.

"ఆయ్తణ్ణా" అంటూ వెల్డర్ మాస్కు పైకెత్తాడు. మాన్‌హోల్ మూసి, పర్మిట్ తిరిగిచ్చి, మోటారు చల్లారేదాకా కూర్చున్నారు. ఫ్యాన్ వేగం అందుకుంటోంది. కుర్రాడు తెర వైపు చూడలేదు. బూట్లు విప్పి, గ్రేటింగ్ మీద పాదాలు మోపి నిలబడ్డాడు.

"ఎంతన్నా?"

"నువ్వే చెప్పు."

"ముప్పైకి లోపలే."

తెర మీద 26.