వాతావరణ మార్పు రచనలో పాత్రికేయ ప్రమాణాలు: సూరత్ అనుభవం

వాతావరణ మార్పు గురించి పత్రికల్లో రాసేవాళ్లకూ, పత్రికలతో సంబంధం లేకుండా సొంతంగా రాసేవాళ్లకూ ఒకే నియమం ముఖ్యం: ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే కారణం చెప్పాలి. ఈ నియమం ఎంత కష్టమైనదో గుజరాత్‌లోని సూరత్‌లో బాగా తెలుస్తుంది. తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఈ నగరానికి వరదలు కొత్త కాదు. ఏ వరద ఎందుకు వచ్చిందన్నదే ఎప్పుడూ తగాదా.

2006 ఆగస్టు రెండో వారంలో ఎగువనున్న ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. నగరంలో చాలా భాగం మునిగింది. ఎగువన కురిసిన అసాధారణ వర్షమే కారణమని ప్రభుత్వ వర్గాలు చెప్పాయి. నదులు, ఆనకట్టల మీద పనిచేసే సాండ్రప్ సంస్థకు చెందిన హిమాంశు ఠక్కర్ మాత్రం జలాశయం నీటిమట్టాలను ముందు పెట్టి, ముందునుంచే కొద్దికొద్దిగా వదిలి ఉంటే ఈ విపత్తు తప్పేదని వాదించారు. ఆయన వాదనతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కానీ ఏ రోజు ఎన్ని అడుగుల మట్టం ఉందన్నది ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ రంగంలో మంచి రచనకు ఉండాల్సిన మొదటి గుణం అదే.

భద్రాచలం దగ్గర గోదావరి 43, 48, 53 అడుగులకు చేరితే ఒకటో, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలని తెలుగువాళ్లకు తెలుసు. సూరత్‌లో అలాంటి కొలబద్ద తాపీ మీది హోప్ వంతెన దగ్గర ఉంది. 1968 వరదలో ప్రవాహం సుమారు 15.5 లక్షల క్యూసెక్కులు, వంతెన దగ్గర మట్టం 12.08 మీటర్లు. 2006లో ప్రవాహం సుమారు 9.1 లక్షల క్యూసెక్కులే, మట్టం మాత్రం 12.40 మీటర్లు. తక్కువ నీరు వచ్చి ఎక్కువ ఎత్తుకు లేచిందన్నమాట! ఈ తేడాను వర్షం ఒక్కటే వివరించలేదు. నదికి అటూఇటూ వెలిసిన కట్టడాలు, కరకట్టల మధ్య ఇరుకైపోయిన దారి, పూడిక, ఆ వేళకు సముద్రపు పోటు ఎలా ఉందన్నది, అన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెండు వరసల అంకెలు చూడకుండా 2006 వరద గురించి రాసిన వ్యాసం ఎంత ఆవేదనతో రాసినా అసంపూర్ణమే.

అలాగని వాతావరణ మార్పును పక్కన పెట్టమని కాదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. కుండపోత వర్షాలు పెరగడానికి ఇది మూలం. ఒక్కో విపత్తులో మనుషుల వల్ల పెరిగిన వేడి పాత్ర ఎంతో లెక్కగట్టే పద్ధతిని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తల బృందం ప్రచారంలోకి తెచ్చింది. భూమి వేడెక్కకపోయి ఉంటే ఇలాంటి వాన ఎంత అరుదుగా వచ్చేదో, ఇప్పుడెంత తరచుగా రాగలదో వాళ్లు పోల్చి చెబుతారు. అలాంటి అధ్యయనం జరగని వరదకు వాతావరణ మార్పే కారణమని తేల్చేయడం తప్పు. అసలు సంబంధమే లేదనడం అంతకన్నా పెద్ద తప్పు. శాస్త్రం తేల్చిన విషయానికీ, దాన్ని కాదనే వాదనకూ సమాన చోటు ఇవ్వడం నిష్పాక్షికత కాదని మాక్స్‌వెల్ బాయ్‌కాఫ్, జూల్స్ బాయ్‌కాఫ్ 2004లో అమెరికా పత్రికల మీద చేసిన అధ్యయనంలో చూపించారు.

తెలుగులో రాసేవాళ్లకు మరో చిక్కుంది. రేపటి వాననూ, ముప్ఫయ్యేళ్ల సగటునూ మనం ‘వాతావరణం’ అనే అంటాం. పాఠ్యపుస్తకాల్లోని ‘శీతోష్ణస్థితి’ వాడుకలోకి రాలేదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందమైన ఐపీసీసీ నివేదికల్లో 66 శాతానికి పైబడిన సంభావ్యతకు ఒక మాట, 90 శాతానికి పైబడినదానికి మరో మాట ఉంటాయి. మన వార్తల్లో రెండూ ‘అవకాశం ఉంది’గా మారిపోతాయి. శాతం కూడా రాస్తే పాఠకుడికి మేలు జరుగుతుంది.

వదంతి ఎంత చేటు చేస్తుందో సూరత్‌కు 2006 వరదకన్నా ముందే 1994లో ప్లేగు నేర్పింది. ఆ సెప్టెంబరులో నిర్ధారించిన సంఖ్యకు ఎన్నో రెట్లు మరణాలు ప్రచారమై, లక్షల మంది రైళ్లెక్కి ఊరు విడిచారు.

ఇలాంటి రాతలను అదుపుచేసే నియమాల సంగతికొస్తే, 1966లో ఏర్పడిన భారత ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికలు, వార్తా సంస్థలకే. డిజిటల్ వార్తా ప్రచురణకర్తలకు 2021 నాటి ఐటీ నియమాలు ఆ కౌన్సిల్ ప్రవర్తనా సూత్రాలను వర్తింపజేశాయి గానీ, వాటిలో కీలక భాగాన్ని బొంబాయి హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో నిలిపివేసింది. అంటే ఒంటరిగా రాసే మనిషికి ఆచరణలో కాపలా తన మనస్సాక్షే.

ఆ మనస్సాక్షికి మొదటి పరీక్ష డబ్బు. వాతావరణ మార్పును తట్టుకునేలా ఆసియా నగరాలను సిద్ధం చేయడానికి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 2008లో ప్రారంభించిన కార్యక్రమంలో సూరత్, ఇండోర్, గోరఖ్‌పూర్ ఉన్నాయి. వరద ముందస్తు హెచ్చరికల మీద సూరత్‌లో నిజంగా పని జరిగింది. కానీ అలాంటి నిధులతో పనిచేసినవారు దాన్ని పొగుడుతూ రాస్తే, ఆ సంబంధాన్ని వ్యాసంలోనే చెప్పాలి. రెండో పరీక్ష పేర్లు. 2019లో సూరత్ పరిశ్రమలకు మొదలైన ఉద్గారాల వ్యాపార పథకాన్ని కొందరు కార్బన్ మార్కెట్‌గా పొరబడతారు. అది పొగగొట్టాల్లోంచి వచ్చే ధూళికణాలకు సంబంధించినది. ధూళి తగ్గితే ఊపిరితిత్తులకు మంచిదే, కానీ కార్బన్ తగ్గినట్లు కాదు.

ఈ పట్టింపులు ఎవరికోసమో సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో కనిపిస్తుంది. తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతికే పద్మశాలి కుటుంబాలు ఆ వైపు చాలా ఉన్నాయి. నగర కార్పొరేషన్ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. పక్కనే మీఠీ ఖాడీ అనే వాగు. 2025 జూన్‌లో లాగా నగరంలోనే కుండపోత కురిస్తే ఆ ఖాడీ పొంగుతుంది. ఉకాయ్ గేట్లు మూసే ఉన్నా వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. అలాంటి రాత్రి ‘డ్యామ్ గేట్లు ఎత్తేశారు’ అన్న సందేశం తారీఖు లేకుండా, ఎన్ని క్యూసెక్కులో లేకుండా ఫోనులోకి వస్తే, చదివినవాళ్లు భయంతో నది వంకే చూస్తారు. ఖాడీ నీళ్లు ఈలోగా మగ్గం మోటారును తాకుతాయి. అదే సందేశంలో తారీఖు, గంట, ఖాడీ మట్టం, ఉకాయ్ మట్టం, ఎవరు చెప్పారన్నది ఉంటే, మోటారు విప్పి అటక మీద పెట్టుకోవాలా, పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి వెళ్లాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.