ఊపిరిని కనిపెట్టిన హైదరాబాదు

మెడకును భుజమునకును నడుమ నొక ఇరుకు త్రోవ కలదు. చేతికి పోవు నరములు ఆ త్రోవనే సాగును. కొందరికి పుట్టుకతోనే అచ్చట అదనపు ప్రక్కటెముక యుండి నరములను నొక్కును. చేయి తిమ్మిరెక్కి సత్తువ తగ్గును. 1861లో లండనులో హోమ్స్ కూట్ అను వైద్యుడు అట్టి ఎముకను కోసి తీసెను.

ఇట్టి కోతకు రోగి కదలక నిద్రింపవలెను. 1847 నుండి క్లోరోఫారము ఆ నిద్ర నిచ్చుచుండెను. అయితే కొందరు ఆ నిద్రలోనే మరణించుచుండిరి. ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా?

ఈ ప్రశ్నను మన హైదరాబాదులో, మూసీ యొడ్డున నుండిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చేపట్టెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో 1888లోను, 1889లోను విచారణ సంఘములు కూడి, కుక్కలపైనను కోతులపైనను పరీక్షలు చేసెను. ఊపిరియే ముందాగును, నాడిని గాక ఊపిరినే కనిపెట్టవలెనని తేల్చెను.

1911లో గుడ్‌మన్ లెవీ, కొద్ది మందుకే గుండె హఠాత్తుగా ఆగవచ్చునని రుజువు చేసెను. కావున హైదరాబాదు తీర్పు సగమే సత్యము. క్లోరోఫారము వాడుక పోయినది. ఆ సగము సత్యము నిలిచినది. నేడు శస్త్రచికిత్సలో ఊపిరిని, గుండెను రెంటిని కనిపెట్టుదురు.

మీ యింటివారికి కోత జరుగు దినమున, కత్తి పట్టినవానితోపాటు, తలయొద్ద నుండి ఊపిరిని కనిపెట్టువానిని కూడ జ్ఞాపకము చేసికొనుడి.